బొగ్గుతో రాసిన మాట

ఇప్పచెట్టు కింద ఎవరమ్మా?
గంప చంకన చెల్లమ్మా.
పొద్దు వాలితే ఏం చేస్తావమ్మా?
పూలు ఏరుకుని... పూలు ఏరుకుని...

ఆ తర్వాత ఏముందో, బంగారూ? నీయంత ఉన్నప్పుడు గడగడా పాడేదాన్ని. ఇప్పుడు పాటకి తోక తెగిపోయింది. కథ చెప్తూ ఉంటే అదే వస్తుందిలే. ఊఁ కొట్టు మరి.

అనగనగా ఒక కొండ. ఆ కొండ నడుమున ఒక గూడెం. గూడెంలో పదకొండు గుడిసెలు. ఎండాకాలం కదా, వయసువాళ్ళందరూ మిరపకాయల కోతకి కిందకి దిగిపోయారు. ముసలివాళ్ళూ, పసిపిల్లలూ, మేకలూ మిగిలారు.

ఆ మిగిలినవాళ్ళలో ఈదమ్మ ఒకతి. ఆమెకి మనవలు పుట్టాక గానీ చదువు రాలేదు. పెద్దవాళ్ళ బడిలో పలక పట్టింది. ఒక్కో అక్షరాన్నీ వేలితో పట్టుకుని, వదిలితే పారిపోతుందేమో అన్నట్టు, మెల్లగా చదివేది. అందుకే గూడెంలో ఉన్న ఒక్క పెద్ద ఫోనూ ఆమె దగ్గరే ఉంచి వెళ్ళారు.

పక్క గుడిసె బయ్యమ్మది. ఈదమ్మకి ఆడబిడ్డ, గూడేనికి పెద్ద. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

బయ్యమ్మ చిన్నతనంలో వాళ్ళది అవతలి కొండ. ఒకరోజు ఎవరో ఆఫీసరు వచ్చి "ఊరు ఖాళీ చేయండి" అన్నాడట. చేశారు. ఆ తర్వాత మళ్ళీ ఆ కొండ ఎక్కనివ్వలేదు. తల్లి నాటిన చింతచెట్టు కూడా అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచీ 'ఖాళీ' అన్న మాట వింటే చాలు, బయ్యమ్మకి పాము బుస విన్నట్టుండేది.

ఒకరోజు పొద్దున్నే కొండ నెత్తిన పొగ లేచింది. ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు చెట్టు కింద ఎండుటాకులు కాలుస్తారు. నేల శుభ్రమైతే పూలు కనిపిస్తాయి కదా. కానీ ముందు చుట్టూ ఆకులు ఊడ్చి బాట తీయాలి. ఎవరో తొందరపడి తీయలేదు, నిప్పు అడవిలోకి పాకింది. ఎవరో ఏమో, ఈనాటికీ తెలీదు.

అప్పుడు ఫోను టింగుమంది, అడవి ఆఫీసు వాళ్ళ కబురు. ఈదమ్మ అరుగు మీద కూర్చుని చదివింది.

"అ...డ...వి...లో మం...ట...లు. అ...ప్ర...మ...త్తం..."

"అప్పడమా?" అంది బయ్యమ్మ.

"అప్పడం కాదు వదినా, అప్రమత్తం! జాగ్రత్తగా ఉండమని."

"ఆ ముక్కేదో ముందే చెప్పొచ్చుగా వాళ్ళు! నువ్వు చదివేలోపు నేను ఎండేసిన పూలు మొలకెత్తేట్టున్నాయే, పంతులమ్మా."

అందరూ నవ్వారు. ఈదమ్మ కూడా నవ్వింది.

ఆ తర్వాత పొద్దు నడినెత్తికి వచ్చింది. ఫోను మళ్ళీ టింగుమంది. మంటలు మీ వైపు వస్తున్నాయి, సిద్ధంగా ఉండండి అని ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బయ్యమ్మ కొంగు బిగించి చీపురు అందుకుంది.

"లేవండర్రా! ఊరి చుట్టూ బాట తీయండి. తినడానికి ఆకు లేకపోతే మంట ఆకలితో చస్తుంది."

ముసలివాళ్ళే, నడుములు పట్టుకుని ఊడ్చారు. ఒక్క ఆకు లేకుండా గూడెం చుట్టూ ఎర్రటి మట్టిబాట తేలింది.

అప్పుడు గాలి తిరిగింది. నెమళ్ళు అరుచుకుంటూ కిందకి ఎగిరిపోయాయి. కుందేళ్ళు మనుషుల కాళ్ళ మధ్య నుంచే ఉరికాయి. దుప్పులు వెనక్కి చూడకుండా పరిగెత్తాయి. నిప్పు కొమ్మల మీదుగా గెంతుతూ వస్తోంది. బాట నేల మీద ఉంటుంది గానీ, గాలికి బాట ఎవరు తీస్తారు?

మూడోసారి టింగుమంది. ఈదమ్మ వేలు పెట్టి చదివింది.

"వెం...ట...నే ఊ...రు ఖా...ళీ..."

అంతే. బయ్యమ్మ మొహం మాడిపోయింది.

"ఆపు! ఇంక చదవకు. అదే మాట. అప్పుడూ అదే మాట!"

"వదినా, ఇంకా ఉంది..."

"ఏముంటుంది? దిగితే ఎక్కనివ్వరు. నేను కదలను. కాలితే ఇక్కడే కాలతా."

ఆమె గుమ్మంలో చతికిలబడింది. ఆమె కదలకపోతే ఎవరు కదులుతారు? ముసలివాళ్ళు ఒక్కొక్కరే గుడిసెల ముందు కూర్చుండిపోయారు. పిల్లలు దగ్గుతున్నారు. నెత్తిన బూడిద రాలుతోంది.

ఈదమ్మకి ఏడుపొచ్చింది. పరిగెత్తమని అరుద్దామనుకుంది. కానీ ఆమెకి బడిలో నేర్పింది ఒకటే, చుక్క వచ్చేదాకా చదవాలని. పొగకి కళ్ళు మండుతుంటే తుడుచుకుని, వదిన పక్కనే కూర్చుని, గట్టిగా చదివింది.

"ఖా...ళీ చే...యం...డి. మం...ట...లు ఆ...రా...క మీ ఇ...ళ్ళ...కు తి...రి...గి రం...డి."

గూడెం అంతా చెవులు రిక్కించింది.

"ఏమన్నావ్?" అంది బయ్యమ్మ.

"తిరిగి రండి అని ఉంది, వదినా."

"అప్పుడు ఆ మాట అనలేదే?"

"అప్పుడు అనలేదు. ఇప్పుడు ఉంది."

"ఏదీ, చూపించు. ఎక్కడుంది తిరిగి?" బయ్యమ్మ వేలు పెట్టి గట్టిగా నొక్కింది. అద్దం మీది అక్షరాలన్నీ చటుక్కున మాయమైపోయాయి!

"చూశావా! తాకితేనే పారిపోయే మాటని నమ్మమంటావా?"

ఏం చేస్తుంది ఈదమ్మ? పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తెచ్చింది. బయ్యమ్మ తలుపు మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసింది. తిరిగి.

"ఇది పారిపోదు. తాకి చూడు."

బయ్యమ్మ తాకింది. వేలికి నల్లగా అంటుకుంది. ఆ వేలి వంక చూసుకుంది, తలుపు వంక చూసింది, లేచి నిలబడింది.

"మేకల తాళ్ళు విప్పండి! పిల్లల్ని చంకనెత్తుకోండి! కాలిదారిన వద్దు, వాగులో దిగండి. రాళ్ళకి నిప్పంటుకోదు!"

ఆమె ముందు నడిచింది. అందరూ ఎండిపోయిన వాగులో రాయి మీంచి రాయి మీదకి దిగి, ఆఫీసు వాళ్ళు పంపితే రోడ్డు మీద ఎదురుచూస్తున్న ట్రాక్టరు ఎక్కారు. పదముగ్గురు ముసలివాళ్ళు, ఏడుగురు పిల్లలు. ఈదమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. ఎవరూ తగ్గలేదు.

మూడు రోజులు కింద ఊరి బడిలో తలదాచుకున్నారు. మంటలు ఆరాయి. నాలుగో రోజు నిజంగానే అదే ట్రాక్టరు ఎక్కించి, ఎవరూ అడ్డం చెప్పకుండా, కొండకి తీసుకొచ్చారు.

ఊడ్చిన మట్టిబాట పది గుడిసెల్ని కాపాడింది. గాలికి ఎగిరొచ్చిన నిప్పు మాత్రం ఒక్క గుడిసె మీద పడింది. అది బయ్యమ్మది. తలుపు లేదు, మాట లేదు, కప్పు లేదు. నల్లటి నేల మిగిలింది.

ఈదమ్మ తలెత్తలేకపోయింది. నేను చదివి దింపానే, నేనే రాశానే అనుకుంది.

బయ్యమ్మ కాలిన గుమ్మం దాటి లోపలికి నడిచింది. ఆ తర్వాత ఆ బూడిదలోనే కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఏడవకే, పిచ్చిదానా. ఇల్లు పోతే ఆకులు కోసుకొచ్చి కప్పుకుంటా. అప్పుడు ఇల్లు ఉంది, చోటు పోయింది. ఇప్పుడు చోటు ఉంది. కూర్చున్నా చూడు."

అలా కూర్చునే, బొంగురు గొంతుతో కూనిరాగం తీసింది.

పొద్దు వాలితే ఏం చేస్తావమ్మా?
పూలు ఏరుకుని తిరిగొస్తానమ్మా.

ఆఁ, అదీ బంగారూ, పాట తోక! చెప్పానా, కథ చెప్తూ ఉంటే వస్తుందని?

నిప్పు వాగుకి, పొగ మబ్బుకి,
కథ కంచికి, మనం పక్కకి.

ఏంటీ, నిద్ర రావట్లేదా? తలుపు సంగతా? వానలు పడ్డాక అందరూ కలిసి బయ్యమ్మకి కొత్త గుడిసె వేశారు, వెదురు తడికతో తలుపు కట్టారు. అప్పుడు ఈదమ్మ బొగ్గు పట్టుకుని వెళ్ళింది. బయ్యమ్మ ఆ బొగ్గు లాక్కుంది. లాక్కుని, తలుపు వైపు తిరిగి, ఈదమ్మతో అన్న మాట ఇదీ:

"నా తలుపు, నేనే రాసుకుంటా. తకారం వచ్చేసిందిలే. గుడి ఎక్కడ పెట్టాలో అది చెప్పవే, పంతులమ్మా."