పెట్టినవాడిదే పెత్తనం

వేములగిరి అని ఒక రాజ్యం ఉండేదట. పెద్దదేమీ కాదు. పొద్దున గుర్రమెక్కి బయలుదేరితే సందెవేళకు అవతలి పొలిమేర చేరేటంత. అయినా దాన్ని ఏలే కేతభూపతికి మాత్రం పద్దెనిమిది బిరుదులు. కొలువు తీరగానే ఆ పద్దెనిమిదీ ఎవరో ఒకరు గుక్క తిప్పుకోకుండా చదివితే గానీ ఆయన సింహాసనం మీద కుదురుగా కూర్చునేవాడు కాదు.

ఆ చదివేవాడు ఎర్రపరాజు. వందిమాగధుల వంశంవాడు, నాలుక పదునైనవాడు. ఒకే గుక్కలో అన్ని బిరుదులు ఎలా చదువుతావని ఎవరైనా అడిగితే, "ఇది మా తాతలిచ్చిన విద్య కాదండీ, ఓబన్నగారి బరిలో అబ్బింది" అనేవాడు. వయసులో ఉండగా ఆరేళ్లు ఆయన దగ్గర చెడుగుడు ఆడాడు మరి. గుక్క ఆగితే ప్రాణం పోయినట్టే అని నేర్పే ఆట అది.

ఓబన్న వేములగిరి జట్టుకు గురువు. ఆ రాజ్యానికి కోటలో కన్నా, కొలువులో కన్నా ఆ జట్టులోనే ఎక్కువ గర్వం ఉండేది. ఏటా కార్తిక పున్నమికి పొరుగు రాజ్యమైన కారుకొండతో పందెం. ఓబన్న చేతికి జట్టు వచ్చిన ఇరవై ఏళ్లలో పదిహేడుసార్లు గెలుపు వేములగిరిదే. గెలిచిన ఏడు ఆ ఊళ్లో ఆకుకూరలమ్మే అవ్వ కూడా తల ఎగరేసి మరీ బేరమాడేది.

కిందటేడు మాత్రం ఓడిపోయారు. మేటి ఆటగాళ్లిద్దరు జ్వరంతో మంచం పట్టారు. ఒక్క మనిషి తేడాతో పందెం చేజారింది.

దాంతో రత్నాల వర్తకుడు కుప్పన శ్రేష్ఠి, ఊళ్లోని మరి నలుగురు శ్రీమంతులను వెంటబెట్టుకుని కొలువుకు వచ్చాడు. వ్యాయామశాలకు రాతిగోడ కట్టించింది ఆయనే. ఆటగాళ్లకు పాలు, నెయ్యి సమకూర్చేది ఆ నలుగురు.

"ప్రభూ, ఓబన్న ముసలివాడయ్యాడు. గోచీ బిగించి మట్టిలో నిలబడే గురువు మన అంతస్తుకు తగడు" అన్నాడు శ్రేష్ఠి. "ఉత్తరాదిన ప్రచండశర్మ అని ఒక మహాగురువు ఉన్నాడు. మా మేనకోడలి పెళ్లిలో ఆయన ప్రసంగం విన్నాను. మూడు ఝాములు మాట్లాడాడు. ఆయన్ని పిలిపించండి. ఇన్నేళ్లుగా పెడుతున్నది మేము. గురువు ఎవరో తేల్చే మాట మాది కాకపోతే ఇంకెవరిది?"

కేతభూపతి మీసం దువ్వాడు. కిందటి దసరాకు తన పట్టపుటేనుగుకు బంగారు అంబారీ చేయించి ఇచ్చింది కూడా కుప్పన శ్రేష్ఠే. అలాంటివాడి మాట కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు.

"నిజమే! సొమ్మొకడిది, సోకొకడిదీనా? ఈనాటి నుంచి మా రాజ్యంలో ఒకటే నీతి. పెట్టినవాడిదే పెత్తనం!" అన్నాడు.

ఆ మాట తన నోట ఎంత బాగా పలికిందో అని ఆయనకే ముచ్చటేసింది. వెంటనే దాన్ని రాగిరేకు మీద చెక్కించి కొలువు వాకిట వేలాడదీయించాడు.

ఓబన్నను సభకు పిలిచి కబురు చెప్పారు. ఆయన చేతిలోని కర్ర గోడకు ఆనించి, రాజుకు దండం పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఎర్రపరాజు ఆ నడక చూశాడు. ఆ మనిషి ఓడిన రోజున కూడా అలా తలవంచుకుని నడవలేదు.

ఎర్రపరాజు ముందుకు వచ్చాడు. "ప్రభూ, తమ నీతి బాగుంది. కానీ అది నాలుగడుగులు నడిస్తే బోర్లా పడేలా ఉంది."

రాజు ముఖం కందిపోయింది.

"మా నీతి బోర్లా పడుతుందా? విజయదశమి లోపల అది తప్పని మా నోటితోనే అనిపించు. అనిపిస్తే నువ్వడిగింది ఇస్తాం. లేదంటే ఊరు విడిచి వెళ్లు. మా బిరుదులు చదివేందుకు చిలకను పెంచుకుంటాం!"

"చిత్తం ప్రభూ" అన్నాడు ఎర్రపరాజు.

ప్రచండశర్మ పల్లకీలో దిగాడు. రోజూ వ్యాయామశాల అరుగు మీద పట్టుపరుపు వేయించుకుని, తాను ఏడు రాజ్యాల్లో జట్లను ఎలా గెలిపించాడో వర్ణించేవాడు. బరిలోకి మాత్రం దిగేవాడు కాదు. దుమ్ము పడదట. ఎర్రమట్టి మోటుగా ఉందని దాని మీద గంధపు పొడి కలిపిన సన్న ఇసుక పోయించాడు. ఆటగాళ్లు కూత పెట్టి పరుగెత్తితే చాలు, జారి పడుతున్నారు. పోలన్న అనే బక్కపలచటి ఆటగాడు రెండుసార్లు మోకాలు చీరుకుని, ఎర్రపరాజుతో, "అన్నా, పరిమళంగానే పడుతున్నాం" అన్నాడు.

ఎర్రపరాజు ఆ సాయంత్రమే కుప్పన శ్రేష్ఠి ఇంటికి వెళ్లాడు. శ్రేష్ఠి అనుమానంగా చూశాడు.

"ఏం ఎర్రపరాజుగారూ, ఇలా వచ్చారు?"

"మీ మేలు కోరే వచ్చానండీ. విజయదశమికి ప్రభువులు మీరు చేయించిన బంగారు అంబారీలో ఊరేగుతారు. అంత బంగారం ముందు, ఏనుగు మెడ మీద ఎవరు కూర్చుంటున్నారు? గడ్డివాసన కొట్టే మావటి ఈరన్న. అంబారీ పెట్టింది తమరు. కొలువు వాకిట రాగిరేకు ఏమంటోంది?"

శ్రేష్ఠి కళ్లు మెరిశాయి. "పెట్టినవాడిదే పెత్తనం!"

"అదే కదా నేను చెప్పేది. అయినా ఇందులో మెలిక ఉందండీ. నాకు ఊరు దాటిపోయే గండం ఉంది గనుక, నా మాట నమ్మడమా మానడమా అన్నది ఆలోచించుకోండి."

నిజం ఒప్పుకున్నవాడి మీద శ్రేష్ఠికి అనుమానం పోయింది. పైగా ఇంట్లో భార్య పోరు ఎప్పటి నుంచో ఉంది, తన తమ్ముడు శంకరప్పకు కొలువులో ఒక కుదురు చూపించమని. మర్నాడే శ్రేష్ఠి గజశాలకు వెళ్లి తన ఇష్టం చెప్పాడు. గజశాల అధికారి రాగిరేకు మాట తలుచుకున్నాడు, శ్రేష్ఠి వంక చూశాడు, నెత్తి గోక్కుని సరేనన్నాడు.

ఎర్రపరాజు ఈరన్నను పక్కకు పిలిచి, "ఆ రోజు ఏనుగుకు పది అడుగుల దూరంలో ఉండు. నేను పిలిచేదాకా పలకకు. ఎవరికైనా ప్రమాదమనిపిస్తే మాత్రం నా మాట కోసం ఆగకు" అన్నాడు.

విజయదశమి వచ్చింది. వీధి పొడవునా చెరకుగడలతో తోరణాలు కట్టారు. కేతభూపతి నిచ్చెన మీదుగా అంబారీలోకి ఎక్కి ఠీవిగా కూర్చున్నాడు. మేళాలు మోగాయి. ఎర్రపరాజు ఏనుగుకు ముందు నిలబడి బిరుదులన్నీ చదివాడు.

ఏనుగు మూడడుగులు నడిచింది. నాలుగో అడుగుకు పక్కకు తిరిగి తోరణం నుంచి ఒక చెరకుగడ పీకింది. రుచి బాగుందేమో, తోరణం మొత్తం లాగింది. తరువాత రెండో తోరణం వైపు నడిచింది. అంబారీ తుఫానులో పడవలా ఊగింది. రాజు కిరీటం కంటి మీదికి జారింది.

"ఆపవోయ్ మావటీ!" అని అరిచాడు రాజు.

ముందున్నవాడు వెనక్కి తిరిగాడు. జరీ అంగవస్త్రం, చెవులకు పోగులు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంకుశం తలకిందులుగా పట్టుకున్నాడు.

"ఎలా ఆపాలో మా బావగారు చెప్పలేదు ప్రభూ!" అన్నాడు శంకరప్ప ఏడుపు గొంతుతో. "కూర్చుంటే చాలన్నారు!"

"ఎవడ్రా వీణ్ణి ఇక్కడ కూర్చోబెట్టింది?" రాజు అంబారీ కమ్మీ రెండు చేతులా పట్టుకుని గర్జించాడు.

కింద నుంచి ఎర్రపరాజు చేతులు జోడించాడు. "అంబారీ పెట్టిన కుప్పన శ్రేష్ఠిగారు ప్రభూ."

"బంగారం పెట్టినంత మాత్రాన ఏనుగు సంగతి ఆయనకేం తెలుసు? దాని మెడ మీద ఉండవలసింది దాన్ని ఎరిగినవాడు! పెట్టినవాడు కాదు!"

"ఆ మాట మరొక్కసారి సెలవియ్యండి ప్రభూ, కొంచెం నిదానంగా" అన్నాడు ఎర్రపరాజు. "రాగిరేకు చెక్కే కంసాలి ఇక్కడే ఉన్నాడు. రాసుకుంటాడు."

నిజంగానే జనంలోంచి కంసాలి ఒకడు కొత్త రేకు, ఉలి పట్టుకుని ముందుకు వచ్చాడు. అదే క్షణంలో ఎర్రపరాజు కనుసైగ చేశాడు. ఈరన్న నాలుకతో టక్కుమని ఒక చప్పుడు చేశాడు. అంతే. నోట్లో చెరకుతోనే ఆ కొండంత జంతువు మోకాళ్ల మీద కూర్చుంది.

రాజు కిరీటం సర్దుకున్నాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఈ క్షణాన రాజుకు కోపం వస్తే ఎర్రపరాజు ఊరు విడవడం కాదు, తల విడవడమే.

రాజు శ్రేష్ఠి వైపు తిరిగాడు. "శ్రేష్ఠీ, రా. నీ అంబారీ, నువ్వు పెట్టిన మావటి. వచ్చి మా పక్కన కూర్చో. ఇద్దరం ఊరేగుదాం."

కుప్పన శ్రేష్ఠి రెండడుగులు వెనక్కి వేశాడు. "ప్రభూ... నాకు ఎత్తు మీద కళ్లు తిరుగుతాయి."

కేతభూపతి ఆయన వంక చూశాడు. మీసాల కింద పెదవులు అదిరాయి. ఆ తరువాత అంబారీ కదిలేలా పకపకా నవ్వాడు.

"పడిందోయ్ ఎర్రపరాజూ, మా నీతి నాలుగో అడుగులోనే బోర్లా పడింది! ఏం కావాలో అడుగు."

"మా జట్టుకు మా ఓబన్న కావాలి ప్రభూ."

కొత్త రేకు మీద, 'పెట్టినవాడికి పుణ్యం, ఎరిగినవాడికి పెత్తనం' అని చెక్కారు. ప్రచండశర్మను వచ్చిన పల్లకీలోనే సగౌరవంగా పంపేశారు. ఓబన్న కోసం ఎర్రపరాజు స్వయంగా ఆయన చేను దగ్గరికి వెళ్లాడు. ఆయన కలుపు తీస్తున్నాడు. అంతా విని చేతులు దులుపుకుని లేచాడు.

"ఆ గంధపు ఇసుక ఎత్తించేశారా?" అన్నది ఆయన మొదటి మాట.

"ఇంకా లేదండీ."

"అయితే నడు. పొద్దుగూకేలోపు ఎత్తించాలి."

కార్తిక పున్నమి పందెం ఆ ఏడు కూడా చివరి కూత దాకా వచ్చింది. రెండు జట్లూ సమానం. వేదిక మీద కేతభూపతి నిలువలేకపోతున్నాడు.

"ఓబన్నా! వీరభద్రుణ్ణి పంపు! వాడు బలశాలి! ఆ బక్కవాడు వద్దు!" అని కేకవేశాడు.

ఓబన్న తల తిప్పలేదు. పోలన్న భుజం తట్టి గీత వైపు తోశాడు. వేదిక మీద అందరి ముఖాలు పాలిపోయాయి.

రాజు ఎర్రపరాజు వైపు చూశాడు. "ఏమయ్యా, మా మాట ఆయనకు వినపడలేదా?"

"వినపడింది ప్రభూ. వినపడకపోతే ఏమిటని ఇటు తిరిగి చూసేవాడు."

రాజు ఆసనంలో కూర్చున్నాడు.

పోలన్న కూత పెట్టాడు. కారుకొండవాళ్లు ముగ్గురు మీద పడ్డారు. ఒకడు నడుము పట్టాడు, ఒకడు కాలు పట్టాడు. కూత మాత్రం ఆగలేదు. ఆ గుక్కతో పాటు వేదిక మీద ఎర్రపరాజు కూడా తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ, ఎర్రమట్టిలో మోచేతుల మీద పాకుతూ, పోలన్న వేలికొసతో గీతను అందుకున్నాడు.

మైదానం దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా అరిచింది కుప్పన శ్రేష్ఠి. తలపాగా ఎటు పోయిందో చూసుకోలేదు. "మన పోలన్న! మనవాడు!" అంటూ పక్కన ఎవరున్నారో చూడకుండా కౌగిలించుకున్నాడు. తీరా చూస్తే అది మావటి ఈరన్న.

కేతభూపతి చెప్పులు విడిచి, ఎర్రపరాజును వెంటబెట్టుకుని, తానే బరిలోకి దిగాడు. తన చేతి బంగారు కంకణం తీసి ఎర్రపరాజు చేతికి తొడిగాడు. భుజాన ఉన్న శాలువా ఓబన్నకు కప్పాడు. ఓబన్న దాన్ని తీసి మట్టిగొట్టుకుపోయిన పోలన్న వీపు మీద వేశాడు.

"ఓబన్నా, మేము వీరభద్రుడన్నాం. నువ్వు వినలేదు. నీదే ఒప్పయింది" అన్నాడు రాజు, కొంచెం చిన్నబుచ్చుకుంటూనే. "ఇంకేం కావాలో కోరుకో."

"వచ్చే ఏడు కూడా తమరు అలాగే అరవాలి ప్రభూ" అన్నాడు ఓబన్న.

"అదేమిటి?"

"బక్కవాడు వద్దన్నారు చూడండి, అది పోలన్న విన్నాడు. నేను ఎన్నేళ్లు నూరిపోసినా రాని పౌరుషం తమ ఒక్క కేకతో వచ్చింది."

కేతభూపతి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు ఓబన్న కూడా, ఇరవై ఏళ్లలో ఎవరూ చూడని విధంగా, పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.