నక్క పొదిగిన గుడ్లు

కొండపాలెం చివర ఓ పశువుల దొడ్డి ఉండేది. దాని పెత్తనమంతా తనదేనని పుంజుగారు అనుకునేవారు. తను కూస్తేనే పొద్దు పొడుస్తుందని కూడా ఆయన నమ్మకం. కాపలా కుక్కది, అదీ పొద్దుగూకితే యజమాని వెంట చేను కావలికి పోయేది. అసలు సంగతులన్నీ తేలేది మాత్రం మధ్యాహ్నం పూట, కుడితి తొట్టి దగ్గర, ఆడవాళ్ల మధ్య.

ఆ సభకు పెద్ద నల్లక్క అనే గేదె. ఏ మాటనైనా ఓసారి నెమరు వేస్తే గాని బయటికి వదలదు. దూడలు పెద్దవై, పాలు ఒట్టిపోయి, ఇప్పుడు తీరిగ్గా ఉంది. రెండోది బొల్లి మేక. దాని నోటికి ఆకూ అలమూ, ఊళ్లోవాళ్ల పరువూ అన్నీ ఒకటే మేత. మూడోది పిల్లలకోడి.

పిల్లలకోడి, అదేం పేరంటారా? పుట్టినప్పుడు దానికి పింగళి అని చక్కని పేరుండేది. పొదగడం, పెంచడం, మళ్లీ పొదగడం... ఈ తిరుగుడులో ఆ పేరు ఎక్కడో జారిపోయింది. పిల్లలున్న కోడి దూలమెక్కి పడుకోదు కదా! పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని నేల మీద గంప కిందే పడుకోవాలి. అలా ఏళ్ల తరబడి నేలకే అంటుకుపోయింది. ఇప్పుడు ఆఖరి విడత పిల్లలకు కూడా రెక్కలొచ్చాయి. సాయంత్రం కాగానే అవి టపటపా ఎగిరి కొట్టం దూలమెక్కేసేవి. తల్లి మాత్రం అలవాటు కొద్దీ ఒక్కతే గంప కింద దూరేది. పగలు పురుగు దొరికితే "కొక్ కొక్" అని పిలిచేది. ఎవరూ వచ్చేవారు కాదు. అటూ ఇటూ చూసి, దొంగసొత్తు తిన్నట్టు తనే గుటుక్కున మింగేది.

ఇదంతా కంచె సందులోంచి నక్క చూసింది. ఓ సాయంత్రం అక్కడే చతికిలబడి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏమైంది మరిదీ?" అంది పిల్లలకోడి, దూరంగానే నిలబడి.

"ఏం చెప్పమంటావు వదినమ్మా! గట్టు వెనక పొదలో కౌజుపిట్ట గుడ్లు పెట్టి కన్నుమూసింది. దిక్కులేని గుడ్లు, చల్లారిపోతున్నాయి. నాకా పొదగడం రాదు. ఈ చుట్టుపక్కల తల్లి మనసున్నది నీకొక్కదానికే కదా అని వచ్చాను."

"నాకా?"

"నీకు కాక ఇంకెవరికి? అయినా పొదగని కోడి కూడా ఒక కోడేనా వదినమ్మా? ఒక్కదానివే రా. గుంపుగా వస్తే గుడ్లు బెదురుతాయి."

మర్నాడు కుడితి తొట్టి దగ్గర ఈ కబురు వినగానే బొల్లి నమలడం ఆపేసింది.

"గుడ్లు బెదరడమేమిటే! ఆ గట్టు వెనక నేను కొరకని కొమ్మ లేదు. అక్కడ పొదా లేదు, పిట్టా లేదు. అవి నక్క వినయాలు. నీ తొడ ఎంత బరువుంటుందో ఇప్పటికే లెక్కేసుకుని ఉంటుంది."

పిల్లలకోడికి ఒళ్లు మండింది. "నీకేం తెలుసు? ఇన్నాళ్లకి నేను కావాలని ఒకరొచ్చి అడిగారు. నా పిల్లలు నా ముందు నుంచే పోతూ కూడా నా వంక చూడరు. పొద్దున్న లేస్తే ఎందుకు లేచానో నాకే తెలియదు. పోతే పోతాను గాని, వెళ్లకుండా మాత్రం ఉండలేను."

నల్లక్క చాలాసేపు నెమరు వేసి, అప్పుడు నోరు విప్పింది.

"అమ్మీ, నేను ఒట్టిపోయినప్పుడు నాకూ ఇట్లాగే ఉంది. చెంబు పట్టుకుని పొద్దున్నే వచ్చేవాళ్లు రావడం మానేశారు. కుడితి కూడా ముట్టలేదు నేను. ఈ బొల్లే వచ్చి, ఊళ్లో కబుర్లన్నీ నా చెవిలో ఊది ఊది లేపింది. సరే గాని, పిల్లలు పుట్టకముందు నువ్వేం చేసేదానివి?"

"ఏం చేస్తాను... ఎగిరేదాన్ని" అని నసిగింది పిల్లలకోడి. "కొట్టం పైకప్పెక్కి కొప్పు మీద కూర్చునేదాన్ని. గద్ద ఆకాశంలో చుక్కంత ఉండగానే పసిగట్టి అరిచేదాన్ని. నా అరుపు విన్నాక పుంజుగారు అరిచేవారు. పేరు ఆయనకొచ్చేది."

"అయితే కొప్పెక్కు. అక్కణ్ణుంచి గట్టు వెనకంతా కనబడుతుంది. గుడ్లుంటే మేమే సాగనంపుతాం."

"ఈ ఒంటితో కొప్పెక్కడమా?"

"నా వీపు ఎందుకుందే పింగళీ?" అంది నల్లక్క. ఆ పేరు దానికింకా గుర్తుంది. అది వినగానే పిల్లలకోడి రెక్కలు తమంతట తామే కాస్త కదిలాయి.

ఆ రోజు నుంచీ చూడాలి దొడ్డి సంబరం! నల్లక్క పడుకుంటే పింగళి వీపెక్కేది. నల్లక్క లేచి నిలబడితే అక్కణ్ణుంచి దూకేది. మొదటి దూకుడుకి కుడితి తొట్టిలో పడి, మెతుకులు అంటించుకుని లేచింది. రెండో దూకుడుకి బొల్లి కొమ్ముల మధ్య ఇరుక్కుంటే, అది దాన్ని మోసుకుంటూ దొడ్డి చుట్టూ పరుగెత్తింది. పెంటకుప్ప మీంచి పుంజుగారు గొంతు సవరించుకున్నారు.

"ఈ వయసులో ఈ గంతులేమిటి? ఎదిగిన పిల్లలు చూస్తున్నారు. నగుబాటు!"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా!" అని అరిచింది బొల్లి. నల్లక్క తోకతో ఆయన్ని ఫెడేల్మని ఒక్కటిచ్చి, "ఈగనుకున్నానయ్యా" అంది.

నక్క రోజూ సాయంత్రం వచ్చి ఏడుస్తూనే ఉంది. పింగళి రేపూమాపూ అంటూనే ఉంది. చివరికి ఓ మధ్యాహ్నం నల్లక్క వీపు మీంచి గోడకి, గోడ మీంచి దూలానికి, దూలం మీంచి కొప్పుకి ఎగిరి కూర్చుంది. గాలి ఈకల్లోకి దూరింది. వాగు కనబడింది, చేలు కనబడ్డాయి. ఇంత పెద్ద లోకాన్ని వదిలేసి ఇన్నాళ్లూ గంప కిందెలా ఉన్నానా అని దానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాత గట్టు వెనక్కి చూసింది. గుడ్లు లేవు, పొదా లేదు. బోడి నేల మీద నక్క కూర్చుని, కాలికి ఉమ్మి రాసుకుని కళ్లకు పూసుకుంటోంది. "వదినమ్మా" అని ఒకసారి ఏడవడం, ఒకసారి మూతి నాకడం. సాయంత్రానికి సాధన అన్నమాట!

పింగళి కిందికి దిగింది. ఏడుస్తుందేమోనని బొల్లి దగ్గరికొచ్చింది.

"ఏడవను" అంది పింగళి. "మరిదిగారికి మర్యాద చేద్దాం."

ఆ సాయంత్రం నక్క రాగానే, "నా గంపలో అయితేనే పొదుగుతాను. గుడ్లు ఇక్కడికే పట్టుకురా. కుక్క చేనికి పోయింది. నల్లక్కని గుంజకి కట్టేశారు. నీకేం భయం?" అంది.

గంపైతేనేం, పొదైతేనేం, కోడి కోడే కదా అనుకుంది నక్క. వాగులో తెల్లటి గుండ్రాళ్లు ఏరి, ఆముదపాకులో చుట్టుకుని, కంచె దూరి కొట్టంలోకి వచ్చింది. గంప ఒక పక్కన ఊతకర్ర మీద లేచి ఉంది. దాని పక్కనే నల్లక్క కళ్లు మూసుకుని నెమరు వేస్తోంది. పింగళి పైన దూలం మీద కూర్చుంది.

"అక్కడెందుకు కూర్చున్నావు వదినమ్మా?"

"గుడ్లు సర్దేదాకా పొదిగే కోడి గంపలో అడుగు పెట్టకూడదు. ఆమాత్రం ఆచారం తెలియదూ?"

"ఎందుకు తెలీదు!" అని నక్క రాళ్లను గంప అంచున పెట్టింది.

"అంచున కాదు, లోపల ఊకలో పెట్టు." నక్క తల దూర్చింది.

"లెక్క బేసి ఉండాలి. సరైతే పిల్లలు దక్కవు." నక్క భుజాలు కూడా దూర్చి లెక్కపెట్టి, ఒక రాయి తీసేసింది.

"ఊక అడుగున తుప్పు పట్టిన ఎద్దు నాడా ఉంటుంది. అది నట్టనడుమ ఉండాలి. ఉరుము ఉరిమితే ఇనుమే కాపాడాలి, లేకపోతే గుడ్లు మురిగిపోతాయి." నక్క నడుము కూడా లోపలికి పోయింది. దొరికిన నాడాను మధ్యకి జరిపి, నోరూరుతుండగా, "అన్నీ అయ్యాయి వదినమ్మా, ఇక దిగు!" అంది.

"దిగుతున్నా!"

పింగళి ఒంట్లో ఉన్న బరువంతా వేసి దూలం మీంచి గంప మీదికి దూకింది. ఊతకర్ర ఎగిరిపోయింది. గంప దభీమని బోర్లా పడింది. బొల్లి ఒక్క గెంతులో ఎక్కి దాని మీద బాసింపట్టు వేసింది. నక్క తోక మాత్రం బయటే ఉండిపోయింది. నల్లక్క ఓ కాలు తెచ్చి నెమ్మదిగా దాని మీద పెట్టింది.

"నక్కతోక తొక్కితే అదృష్టమని అందరూ అంటుంటే వినడమే" అంది నల్లక్క. "ఎన్నాళ్లకు తొక్కానమ్మా!"

"వదినమ్మా, వదిలెయ్! నీది తల్లి మనసు..."

"తల్లి మనసు కాబట్టే చెబుతున్నాను. పొదుగు మరిదీ. మధ్యలో లేవకు, చల్లారిపోతాయి."

దూలం మీద పిల్లలు కిందికి వంగి చూశాయి. అన్నిట్లోకి చిన్నది పక్కదాన్ని పొడిచి, "దూకింది మా అమ్మే!" అంది, పక్కది తన తోబుట్టువేనని కూడా మరిచిపోయి. "నేనే దూకమన్నాను" అన్నారు పుంజుగారు.

తెల్లవారి కుక్క వచ్చాకే బొల్లి గంప దిగింది, నల్లక్క కాలు తీసింది. నక్క సగం తోక బొచ్చు దొడ్డిలో, మిగతా సగం కుక్క నోట్లో వదిలి, పడుతూ లేస్తూ ఇల్లు చేరింది. బొరియ ముందు ఆడనక్క కూర్చుని ఉంది. పిల్లలు దాని నెత్తిన ఎక్కి తొక్కుతున్నాయి.

"రాత్రంతా ఎక్కడ చచ్చావు?"

అబద్ధం అల్లే ఓపిక కూడా లేదు నక్కకి. "గుడ్లు పొదిగాను" అంది.

ఆడనక్క దాన్ని ఎగాదిగా చూసింది. మూతికి ఊక, ఒంటికి ఊక.

"మంచిదైంది. పొదగడమే వచ్చినవాడికి పెంచడం ఒక లెక్కా! పెళ్లికి ముందు వాగులో పీతలు పట్టడంలో నన్ను మించిన నక్క ఈ చుట్టుపక్కల లేదు తెలుసా?" అంటూ పిల్లలన్నిటినీ మొగుడి ఒళ్లోకి తోసి, ఒళ్లు విరుచుకుని వాగు వైపు నడిచింది.

నీతి: పిల్లలకు రెక్కలొచ్చిన నాడు తల్లి తన రెక్కలు కూడా ఓసారి విప్పి చూసుకోవాలి, వీపు ఇచ్చే స్నేహితులుంటే ఇంకా మంచిది.