పసుపు గీత అవతల

కొత్త దేశానికి పోయేటప్పుడు రోడ్డు గీతలు మళ్లీ ఎందుకు నేర్వాలన్నది రాజలింగు ప్రశ్న. తొమ్మిదేళ్లు మస్కట్‌లో ట్రక్కు తోలి, బండికి చిన్న సొట్ట కూడా పడనివ్వని మొనగాడు. సోమవారం కెనడా విమానం ఎక్కాలి. కోరుట్లలో తనకు స్టీరింగు పట్టడం నేర్పిన జహంగీర్ ఉస్తాద్ దగ్గరికి దీవెన కోసం వస్తే, ఆ పెద్దాయన దీవించడం మాని ఆ దేశపు గీతల పుస్తకం చేతిలో పెట్టాడు. రాజలింగుకు ఒళ్లు మండింది.

"ఇగ ఇప్పుడు నన్ను బడికి తోలుతున్నవా ఉస్తాద్? ఏ దేశమైతేంది, గీత గీతే గద!"

ఉస్తాద్ వాదించే మనిషి కాడు. డ్రైవింగ్ స్కూలు వెనక జాగాలో, గల్ఫ్‌కు పోయేవాళ్ల కోసం తాను గీసిన పసుపు గీత ఒకటుంది. ఎడమ స్టీరింగు జీపును దాని పక్కన ఆపించి రాజలింగును కూర్చోబెట్టాడు.

"పొగమంచు కమ్మింది. బండి ఆగిపోయింది. దిగి పానం కాపాడుకో."

ఇదీ ఒక పరీక్షేనా అని రాజలింగు నవ్వుకున్నాడు. 'పసుపు దాటితే పానం భద్రం' అని ప్రతి శిష్యుడి చేతా వల్లె వేయించింది ఈ ఉస్తాదే. మస్కట్‌లో పసుపంటే రోడ్డు అంచు, దాని అవతల బండ్లు తిరగవు. దిగి, ఒక్క అంగలో గీత దాటి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఉస్తాద్ స్కూలు కారెక్కి, ఎదురుగా అతని మీదికే తోలుకొచ్చి, మోకాళ్లకు జానెడు దూరంలో బ్రేకు తొక్కాడు. రాజలింగుకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏంది ఉస్తాద్! పసుపు దాటి నిలబడ్డ గద!"

"ఆ దేశంల పసుపు రోడ్డుకు నడిమి గీత. ఎదురు బండ్లన్నీ దాని అవతలనే వస్తయి."

రాజలింగుకు లింబాద్రి గుర్తొచ్చాడు. ఇద్దరూ ఈ జాగాలోనే కలిసి నేర్చుకున్నారు. రెండేళ్ల కింద అదే దేశంలో, పొగమంచులో, చెడిపోయిన బండి దిగి, రోడ్డు మీద ఇంకో బండి గుద్ది చచ్చిపోయాడు. తాగి రోడ్డుకడ్డం పోయుంటాడని ఊరంతా అంది. రాజలింగూ అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు తల ఎత్తబుద్ధి కాలేదు.

"పాపం, ఎంత పొరపాటు చేసిండు లింబాద్రి," అన్నాడు చివరికి.

ఉస్తాద్ కారు దిగలేదు. స్టీరింగు మీది చేతులు తీయలేదు.

"పొరపాటు చెయ్యలే బిడ్డా. నేను చెప్పిన మాట వాడు ఒక్కనాడు తప్పలే."