దూడ లాగే గూడుబండి

ఊరూరా తిరిగి తోలుబొమ్మలాడించే సుంకులమ్మ మొదటిసారిగా ఒక గూడుబండీ, ఎద్దులూ కొందామని సంతకొచ్చింది. కొంగున ఉన్నవి ముప్పై వరహాలు. బండ్లమ్మే వీరప్ప దేశాయి పొద్దుట్నుంచీ ఆమె ప్రాణం తోడేస్తున్నాడు.

బండి చూస్తే ఎద్దుల్ని పొగుడుతాడు, ఎద్దుల్ని చూస్తే బండిని పొగుడుతాడు. "రెండూ కలిపి వంద. విడివిడిగా అమ్మను, ఒకటే బేరం!" అంటాడు. చివరికి ఎద్దుల్ని పొడిచే ములుగర్రను బండికి ఆనించి, కాడి మీద చెయ్యి చరిచి, "ఏమే, ఎంత తేలికైన బండి అనుకున్నావు? దూడ కూడా లాగేస్తుంది!" అన్నాడు.

ఆ సంతలో ఒక కట్టుబాటుంది. కాడి మీద చెయ్యేసి చెప్పింది అక్కడికక్కడే చేసి చూపాలి. లేదంటే కొనేవాళ్లు చెప్పిందే ధర.

సుంకులమ్మ విసురుగా లేచింది. "అందరూ విన్నారుగా! దూడను కట్టు దొరా. లాగకపోతే ధర నాది. రెండూ ఒకటే బేరమని నువ్వే అన్నావు."

జనం మూగారు. దేశాయి కొమ్ములైనా మొలవని తన దూడకేసి చూసి, కాడి మీంచి చెయ్యి తీసేశాడు.

"ఎంతిస్తావు తల్లీ?"

"రెంటికీ ముప్పై. ఆ ములుగర్ర కూడా ఇయ్యి. పొద్దుట్నుంచీ నా చెయ్యి దాని మీదికే పోతోంది."