అద్దంలో అతుకు

ఎవరు ఏ సందేహం అడిగినా గౌస్ మేస్త్రి వెంటనే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పనిముట్టు పెట్టేవాడు. వేసవిలో చక్కెర మిల్లు ఆగినప్పుడు బాయిలర్ గొట్టాలు వెల్డింగ్ చేసి అతికే పని ఆయనది. ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళు ఒక్కొక్కరే పరాయి దేశాలకు వెళ్ళిపోగా చివరికి ఏసుపాదం మిగిలాడు. పనివాళ్ళ గదిలో అతని మంచం మీద తప్ప పక్కలు లేవు. తన అన్నం తానే వండుకుని, ఎవరితోనూ మాట్లాడే పని లేక పెందలాడే పడుకునేవాడు.

ఆ ఏడు అతనూ దరఖాస్తు పెట్టదలచాడు. పోలండులో ఓడలు కట్టే ఒక కంపెనీ వెల్డర్లను పిలిచింది. ‘మిర్రర్ వెల్డింగ్’ తెలిసి ఉండాలంది. గొట్టం గోడకు దగ్గరగా ఉండి వెనకవైపు కంటికి ఆననప్పుడు, అక్కడ చిన్న అద్దం పెట్టి అందులో చూస్తూ అతకడమే ఆ పని. మామూలు గొట్టాలు ఏసుపాదం సొంతంగానే అతికేవాడు; ఇలాంటి చోట మాత్రం నాలుగేళ్ళుగా మేస్త్రి అతుకుతుంటే అద్దం పట్టుకునేవాడు.

టీ వేళ అడిగాడు. “మేస్త్రిగారూ, మన బయోడేటా ముందు కంప్యూటరే చదువుతుందట. ప్రకటనలో ఉన్న మాట అందులో లేకపోతే మనిషి దాకా పోనే పోదట. ఏజెంటు ఆఫీసులో అమ్మాయి ఆ మాట రాసెయ్యమంటోంది. ఇన్నేళ్ళూ ఆ పనిలోనే ఉన్నాను కదా, రాస్తే అబద్ధమవుతుందా? రేపటితో గడువు అయిపోతుంది.”

మేస్త్రి గ్లాసు కింద పెట్టి, రాడ్డు బిగించే తన వెల్డింగ్ హోల్డరు అతని చేతికిచ్చి, “పద” అన్నాడు.

బాయిలర్ లోపల గోడ పక్కన రెండు పాత గొట్టం ముక్కలు బిగించాడు. వాటి వెనక అయస్కాంతంతో అద్దం నిలబెట్టి బయటికి నడిచాడు.

“అద్దం మీరు పట్టుకోరా?”

“పోలండులో నన్నెక్కడ వెతుక్కుంటావురా?”

ఏసుపాదానికి తన ఊపిరి తనకే వినబడింది. అద్దంలో కనబడుతున్న చెయ్యి ఎవరిదోలా ఉంది. దగ్గరికి లాగితే దూరంగా పోయింది. రాడ్డు గొట్టానికి కరుచుకుంది. విదిలించి మళ్ళీ మొదలుపెడితే కరిగిన ఇనుము ముద్దగా జారి కింద పడింది. అతుకు అద్దం అంచు దాటి పోగానే ఎడమ చెయ్యి తనంతట తానే వెళ్ళి అద్దాన్ని కాస్త తిప్పింది. అతుకు మళ్ళీ కనబడింది. ఎటు ఎంత తిప్పాలో ఆ చేతికి తెలుసు. అద్దంలో చూసి అతకడం కుడిచేతికే తెలియదు.

“మేస్త్రిగారూ!” అని కేకేశాడు. ఇనుప గోడలకు తగిలి ఆ కేక తన దగ్గరికే వచ్చింది.

బయటికి వస్తే మేస్త్రి గుమ్మం పక్కనే కూర్చుని ఉన్నాడు.

“పిలిస్తే పలకలేదేం?”

“పలికితే పని వచ్చేస్తుందా?”

“నాకు రాదు మేస్త్రిగారూ. ఆ మాట రాయను.”

“రాయొద్దని నేనన్నానా? ఇన్నేళ్ళూ నా అతుకు నిలిచిందంటే నువ్వు అద్దం సరిగ్గా తిప్పబట్టే. చేసింది చేసినట్టు రాయి.”

మర్నాడు ఏజెంటు ఆఫీసులో ఏసుపాదం చెప్పి రాయించాడు: ‘మామూలు గొట్టాల వెల్డింగ్ సొంతంగా చేస్తాను. మిర్రర్ వెల్డింగ్‌లో నాలుగేళ్ళు సహాయకుణ్ణి, సొంతంగా ఇంకా రాదు.’

అమ్మాయి చేతులు ఆపేసింది. “ఆ చివరి ముక్క ఎందుకండీ? కంప్యూటరు అడిగిందా?”

“కంప్యూటరు తర్వాత మనిషి చదువుతాడు కదమ్మా.”

“ఆ మనిషి చదివితే ఇక మిమ్మల్ని పిలిచినట్టే!” అని నవ్వి, దరఖాస్తు పంపించింది.

సాయంత్రం మేస్త్రికి అంతా చెప్పాడు. ఆయన విన్నాడు, మెచ్చుకోలేదు.

“పిలవకపోతే?” అని అడిగాడు ఏసుపాదం.

“ఇక్కడుంటావు.”

“పిలిస్తే?”

మేస్త్రి అద్దం తీసి గుడ్డతో తుడిచాడు. ఇతనూ వెళ్ళిపోతే అద్దం తిప్పేవాడు ఇక ఎవరూ ఉండరు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు.

“అక్కడ నీకు తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు,” అన్నాడు. “ఆ చివరి ముక్క రాయించినవాడు. వాణ్ణి వెంట తీసుకెళ్ళు.”