చేప గుర్తు ఉలి

ఈశ్వరాచారిగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఆయన పాకలో పని నేర్చినవాళ్ళంతా ఈ సంగతి మనసులో పెట్టుకునే నోరు విప్పేవారు. దేవుడున్నాడా అని అడిగిన పాపానికి ఒకాయన పొద్దుగూకే దాకా టేకు దుంగకు చిత్రిక పట్టాల్సి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. దేవుడి సంగతి ఎటూ తేలలేదు గానీ చెక్క మాత్రం నున్నగా వచ్చిందట.

మహాలయ అమావాస్యకు ముందురోజు ఆయన ఆఖరి శిష్యుడు త్రినాథ్ ఒక ప్రశ్న అడిగాడు. ఆఖరి శిష్యుడు అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. తక్కినవాళ్ళు తలో దారి పట్టారు. ఆచారిగారికి చూపు మందగించింది, సన్న పని ఇక ఆయన వల్ల కాదు. త్రినాథ్ కూడా వెళ్ళిపోతే ఆ పాకకు తాళం పడుతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

ఆ రోజు త్రినాథ్ మొదటిసారిగా ఒక అచ్చును తానొక్కడే చెక్కి చివరికి తెచ్చాడు. మామిడి పిందె, దాని కడుపులో ఒదిగి కూర్చున్న చిలక. చిలకకు కన్ను పెట్టడం ఒక్కటే మిగిలింది. అక్కడ ఆగి, చేతిలోని ఉలి కింద పెట్టి అడిగాడు.

"గురువుగారూ, చీర కట్టుకున్నావిడ కొట్టు పేరు చెబుతుంది. కొట్టాయన అద్దకం వాళ్ళ పేరు చెబుతాడు. అచ్చు చెక్కినవాణ్ణి ఎవరు తలుచుకుంటారండీ? పేరు తెలియని పనికి ఫలం ఎవరికి?"

ఆ వెంటనే అసలు సంగతి బయటపెట్టాడు. "రెక్క కింద కాస్త చోటుంది. నా పేరు చెక్కుకుంటాను. మీరు వద్దంటే మా బావ హైదరాబాదు రమ్మంటున్నాడు. అక్కడ నేంప్లేట్లు చెక్కే దుకాణం పెట్టాడు."

పేరు కోసం అలమటిస్తున్నవాడు జన్మంతా పరాయివాళ్ళ పేర్లు చెక్కే చోటికి పోతానంటున్నాడు. ఇంకొకరైతే నవ్వేవారు. ఆచారిగారు నవ్వలేదు. భయపడ్డారని నా అనుమానం. లేచి వెళ్ళి, గోడవారనున్న చిన్న పెట్టె తెరిచి, నూనెగుడ్డలో చుట్టిన ఒక ఉలి తెచ్చి అతని ముందు పెట్టారు.

"కన్ను దీంతో పెట్టు," అన్నారు.

త్రినాథ్ చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఆ ఉలిని ఆచారిగారు ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అది జర్మనీ ఉలి. జర్మనీ అనగానే మనకు పెద్ద పెద్ద కంపెనీల పేర్లు నోటికొస్తాయి. ఇది ఆ బాపతు కాదు. ఇనుము మీద గింజంత చేప గుర్తు, దాని కింద అరిగిపోయిన అక్షరాలు, అంతే. వెనకటికి బందరు రేవుకు వచ్చిన ఒక ఓడలోని వడ్రంగి దీన్ని ఆచారిగారి గురువుగారికి ఇచ్చి వెళ్ళాడట. ఆచారిగారు వయసులో ఉండగా బెజవాడ వెళ్ళి పనిముట్ల కొట్లన్నీ తిరిగారు. చేప గుర్తు ఎవరిదో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఏదో ఊళ్ళో, ఏదో చిన్న కొలిమిలో, పేరు పైకి రాని ఎవరో మనిషి చేసి ఉంటాడు. కానీ పొద్దున సాన పెడితే సాయంత్రం దాకా వాదర చెక్కుచెదరదు. పిడి ఎనిమిది పలకలుగా ఉంటుంది, అందుచేత బల్ల మీద ఎలా పెట్టినా దొర్లిపోదు, పాదం మీద పడదు. అరచేతిలో పెట్టుకుంటే మన చెయ్యి చూసి చేసినట్టే ఉంటుంది. అది పట్టుకున్నప్పుడల్లా ఆచారిగారికి ప్రాణం లేచొచ్చేది.

త్రినాథ్ పనిలో పడ్డాడు. ఎడమచేత్తో ఉలిని మొనకు దగ్గరగా పట్టుకుని, కుడిచేతిలోని చిన్న కొయ్యతో మెల్లగా తట్టసాగాడు. టేకు వెన్నలా లేస్తోంది. అతనికి ఒళ్ళు తెలియలేదు. మధ్యలో అద్దకం షెడ్డులో బట్టల మీద అచ్చులు వేసే నాంచారమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ అరచేతికి పాతగుడ్డ చుట్టి ఉంది.

"చేతికేమైందమ్మా?" అని ఆచారిగారు అడిగారు.

"కొత్తేముందండీ, మామూలే. అచ్చు బట్ట మీద పెట్టి వెనక కొట్టీ కొట్టీ ఇలాగే వాస్తది. చిలక అయిందా?"

"అమావాస్య వెళ్ళనీ తల్లీ."

ఆవిడ వెళ్ళిపోయింది. త్రినాథ్ తలెత్తలేదు. ఆ మాటలు విన్నాడో లేదో కూడా తెలియదు.

కన్ను పూర్తయింది. ఇప్పుడా చిలక నిజంగానే చూస్తోంది. త్రినాథ్ మురిసిపోయి అచ్చు గురువు ముందు పెట్టాడు. ఆచారిగారు దాన్ని చూడలేదు, అతని ఎడమచేతి చూపుడువేలు చూశారు.

"పీలిక ఏదిరా?"

అచ్చులు చెక్కేవాళ్ళు ఆ వేలికి గుడ్డపీలిక చుట్టకుండా ఉలి ముట్టరు. మొనకు దగ్గరగా పట్టుకుంటే ఉలి పక్క అంచులు వేలిని కోసేస్తాయి. పీలిక మరిచినవాడికి ఆ పూట రక్తం తప్పదు. ఉలి చేతికిచ్చిన సంబరంలో త్రినాథ్ దాన్ని పూర్తిగా మరిచాడు. ఆందోళనగా వేలు తిప్పి చూసుకున్నాడు. గీరు కూడా పడలేదు.

ఆచారిగారు ఉలి అతని చేతిలోనే ఉంచి, బొటనవేలితో పక్కలు తడమమన్నారు. మొనకు కాస్త పైన, సరిగ్గా వేలు ఆనే చోట, రెండు అంచులూ సన్నగా అరగదీసి ఉన్నాయి. కంటికి ఆనదు. కొనేవాడు చూడడు, అమ్మేవాడు చెప్పడు. ఆ కాస్త అరగదీయకపోయినా ఉలి బాగానే కోస్తుంది.

"ఎందుకు చేశాడండీ?" అన్నాడు త్రినాథ్.

ఆచారిగారు ఉలి తీసుకుని నూనెగుడ్డలో చుట్టేశారు. "రేపు పొద్దున కాలువకు రా. చెంబు పట్టుకోవాలి," అన్నారు.

మర్నాడు అమావాస్య. పనిముట్లు ముట్టని రోజు. కాలువ మెట్ల మీద ఆచారిగారు దర్భలు పెట్టుకుని కూర్చుంటే, పంతులుగారు ఒక్కొక్క పేరే చెబుతూ నువ్వులూ నీళ్ళూ వదిలిస్తున్నారు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, ఆ వరసన అందరూ అయ్యారు. పని నేర్పిన గురువూ అయ్యారు. పంతులుగారు లేవబోతుంటే ఆచారిగారు ఆపారు.

"ఇంకొకాయన ఉన్నాడండీ."

"గోత్రం?"

"తెలియదు."

"తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు. పేరు?"

"అదీ తెలియదు. చేప గుర్తు వేసేవాడు."

పంతులుగారు ఈయన మొహంలోకి అనుమానంగా చూశారు. "మీకేమవుతారు?"

ఆచారిగారు చేతిలోని నీళ్ళ వంక చూశారు. త్రినాథ్ చెంబు పట్టుకుని నిలబడే, తనకు తెలిసినంత మటుకు ఉలి సంగతి చెప్పాడు. పంతులుగారు మంచివారే. కోప్పడలేదు, కానీ చిక్కులో పడ్డారు. "పేరూ ఊరూ తెలియనివాళ్ళందరికీ కలిపి చివర ఎలాగూ ఒక దోసెడు ఉంటుంది కదండీ, అందులో కలిపేద్దాం," అన్నారు.

"కలపొద్దు. ఆయనకి విడిగా కావాలి."

"సరే, వదలండి. కానీ ఆచారిగారూ, సముద్రాల అవతలివాడు. ఇక్కడి నీళ్ళు అక్కడికి చేరతాయంటారా?"

"ఉలి చేరింది కదండీ," అన్నారు ఆచారిగారు.

త్రినాథ్ చెంబులోంచి నీళ్ళు వంచాడు. ఆచారిగారి బొటనవేలి పక్కనుంచి ఆ నీళ్ళు కాలువలోకి జారాయి. ఆయన కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. ఎన్నడూ చూడని మనిషి కోసం ఒక ముసలాయన కన్నీళ్ళు పెట్టుకోవడం త్రినాథ్ అంతకుముందు చూసి ఎరగడు. తన వేలు చల్లగా, క్షేమంగా చెంబు అంచున ఉంది. ఆ వేలి వంకే చూస్తూ ఇంటికి నడిచాడు.

పాడ్యమి నాడు ఆచారిగారు పాకకు వచ్చేసరికి త్రినాథ్ ముందే వచ్చి కూర్చున్నాడు. అచ్చు బోర్లా ఉంది, ఒళ్ళో రజను రాలి ఉంది. ఆయన చూపుకు ఏం జరుగుతోందో తెలియలేదు. పేరు చెక్కుతున్నాడేమో అనుకున్నారు. దగ్గరికెళ్ళి అచ్చు చేతిలోకి తీసుకుని, ముందు చిలక రెక్క కింద వేలు పెట్టి చూసుకున్నారు. అక్కడ గీత కూడా లేదు. తర్వాత వెనక్కి తిప్పారు.

అచ్చు వెనకవైపును ఎవరూ పట్టించుకోరు. పట్టుకోవడానికి పిడి ఒకటి చెక్కి, తక్కింది రంపం కోసినట్టే వదిలేస్తారు. అది ఈ వృత్తిలో అందరి అలవాటు, ఆచారిగారి అలవాటు కూడా. నాంచారమ్మ అరచెయ్యి ప్రతి అద్దకానికీ దిగేది ఆ మొరటు అంచుల మీదే. ఇప్పుడు ఆ అంచులు లేవు. అరచేతి గుంటలో ఒదిగేటట్టు వెనకంతా గుండ్రంగా, నున్నగా తిప్పి ఉంది. ఆచారిగారు దాన్ని చాలాసేపు తడిమారు. ఇన్నేళ్ళలో తనకు తట్టలేదే అనుకున్నారో ఏమో, ఒకసారి తన అరచెయ్యి కూడా చూసుకున్నారు.

అంతలో నాంచారమ్మ రానే వచ్చింది. అచ్చు తీసుకుని చిలకను చూసి, "కన్ను బాగుంది," అంది. "నూనె పట్టించారా?"

"సాయంత్రానికి పట్టించి నేనే తెస్తానండీ," అన్నాడు త్రినాథ్.

ఆవిడ అచ్చును అలవాటుగా బల్ల మీద పెట్టి, వెనక అరచేత్తో ఒక దెబ్బ వేసి చూసింది. ఏదో తేడా తోచినట్టు మళ్ళీ ఒకటి వేసింది. అదేమిటో అడగలేదు, అతనూ చెప్పలేదు. చేతికి చుట్టిన గుడ్డ వదులైతే విప్పేసి, దాంతోనే మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

త్రినాథ్ మూలనున్న టేకు ముక్కల్లోంచి ఒకటి ఎంచి తెచ్చుకుని కూర్చున్నాడు. హైదరాబాదు మాట ఎత్తలేదు. ఆచారిగారు పెట్టె తెరిచారు. నూనెగుడ్డ విప్పి, గుడ్డ మాత్రం పెట్టెలో వేసి, ఉలిని తెచ్చి అతని వైపు బల్ల మీద వదిలారు. దొర్లకుండా వదిలినచోటే ఉండిపోయింది.

"నిన్న పంతులుగారు ఆయన మనకేమవుతాడని అడిగారు కదరా," అన్నారు. "ఈసారి కనబడితే నువ్వు చెప్పు."