కుళ్ళుమోతు చిలక కోరిన పొగడ్త

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణికంధరుడు దేన్ని చూసినా ఇది దానిలా ఉందని పోలిక చెప్పేవాడు. గురువుగారు దాన్ని ఉపమాలంకారమని మెచ్చుకునేవారు. రెండోవాడు కళాధరుడు గోరంతని కొండంత చేసేవాడు. అది అతిశయోక్తి అని గురువుగారు మురిసిపోయేవారు. మూడోవాడు నీలాంగుడికి ఈ రెండూ చేతకావు. సభలో అన్నలకి చప్పట్లు మోగినప్పుడల్లా వాడి కడుపు భగ్గుమనేది. అన్నల్నే కళ్ళార్పకుండా చూస్తూ కూర్చునేవాడు. కుళ్ళంటే అంతే మరి, చూపు పక్కకి తిప్పనివ్వదు.

ఇలా ఉండగా పొరుగు రాజు కూతురు స్వర్ణరేఖని ధూమకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల దాచాడు. విడిపించినవాడు పిల్లకి నచ్చితే పెళ్ళి చేస్తానని ఆ రాజు చాటింపు వేయించాడు. ముగ్గురూ బయల్దేరారు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు వాళ్ళని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. దింపుతూ ఇలా చెప్పింది: "నాయనలారా, మాంత్రికుడి ప్రాణం ఆ కోట ముందున్న దానిమ్మ చెట్టు మీది చిలక గొంతులో ఉంది. మనసుకి నచ్చేలా పొగిడితే కక్కేస్తుంది. నచ్చకపోతే పొగిడినవాడు రాయైపోతాడు. ఒట్టి కుళ్ళుమోతు చిలక, జాగ్రత్త."

పెద్దవాడు ముందుకెళ్ళాడు. "చిలకమ్మా, నీ ముక్కు మోదుగ మొగ్గలా ఉంది."

"అయితే మోదుగే అందం. నేను దాని తర్వాతన్నమాట," అంది చిలక. పెద్దవాడు రాయైపోయాడు.

రెండోవాడు వెళ్ళాడు. "పద్నాలుగు లోకాల పచ్చదనమంతా నీ ఒక్క ఈక ముందు దిగదుడుపే."

"ఈ మాట ఏ చిలకతోనైనా అంటావు. నన్ను చూసి అన్నదేముంది?" అంది చిలక. రెండోవాడూ రాయైపోయాడు.

మూడోవాడు చాలాసేపు ఊరికే చూశాడు. చూడటం వాడికి అలవాటే కదా.

"నీ ఎడమ రెక్కలో ఒక ఈక వంగింది. గింజ కొరికే ముందు వెనక్కి చూసుకుంటావు, ఎవరైనా లాక్కుంటారేమోనని."

"ఇంకా?"

"మోదుగ పేరెత్తగానే నీ గొంతు వణికింది. మా అన్నల్ని పొగిడితే నాకూ అంతే."

చిలక ఎగిరొచ్చి అతని భుజం మీద వాలింది. "ధూమకేశుడు నాలో ప్రాణం దాచాడు గానీ ఒక్కరోజూ నా మొహం చూళ్ళేదు," అని నల్లటి గింజ ఒకటి కక్కింది. నీలాంగుడు దాన్ని మడమతో నలిపాడు. కోటలో మాంత్రికుడు కూలిపోయాడు.

"ఈ నీళ్ళు చల్లితే మీవాళ్ళు లేస్తారు," అని చిలక చెట్టు కిందున్న తన మంచినీళ్ళ ముంత చూపించింది.

నీలాంగుడు ముంత పట్టుకుని నిలబడిపోయాడు. చల్లకపోతే తనకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఇక ఉండరు. చప్పట్లన్నీ తనవే. అలా అనుకుంటూనే ఆ రాతి మొహాల్ని చూశాడు. పెద్దన్న గడ్డం మీద మచ్చ ఉంది, చిన్నప్పుడు తనని ఎత్తుకుని పడ్డప్పటిది. నీళ్ళు చల్లేశాడు.

లేవడమే ఆలస్యం, కోటలోంచి వచ్చిన స్వర్ణరేఖని చూసి అన్నలు మొదలుపెట్టారు. ఆమె మొహం పున్నమి చంద్రుడిలా ఉందన్నాడు పెద్దవాడు. ఆమె నిట్టూరిస్తే ఏడు సముద్రాలూ ఇంకిపోతాయన్నాడు రెండోవాడు.

"మరి మీరేమంటారు?" అని ఆమె మూడోవాణ్ణి అడిగింది.

"ఏడ్చి ఏడ్చి మీ కళ్ళు వాచాయి. అన్నం తిని చాలా రోజులైనట్టుంది."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "నన్ను చూసింది ఈయనొక్కడే," అంది.

పెళ్ళిలో గురువుగారు లేచి, ఉన్నదున్నట్టు చెప్పడాన్ని స్వభావోక్తి అంటారని, అదీ అలంకారమేనని చెప్పి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఈసారి కడుపు మండడం అన్నల వంతైంది. ఇద్దరూ తమ్ముణ్ణే కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నారు.

నీలాంగుడూ స్వర్ణరేఖా తలలు నెరిసేదాకా రాజ్యమేలారు. భుజం మీద చిలక కూడా ఉండేది. రాజుగారు రాణిగారిని కాస్త ఎక్కువసేపు చూస్తే చాలు, ఆయన చెవి కొరికేదట.